చిరునామా పుస్తకము: కోనసీమయందు దాని పూర్వాపరములు

మహాసభ పందిరి వేసిన దినమున ఆరంభమగునని సామాన్యముగ తలంతురు. కార్యాలయమున పని చూచువారికి మాత్రము అది ఆహ్వానపత్రికలు టపాలో పడిన దినముననే ఆరంభమగుచున్నది. పత్రిక చేరినవారు వత్తురు. చేరనివారు రారు, ఒకవేళ విని వచ్చినను మనసు నొచ్చి వత్తురు. కావున ప్రతి సంఘమునకును మూలధనమువంటి వస్తువొకటి కలదు. అది నిధియుఁ గాదు, భవనమును గాదు. సభ్యుల పేళ్లును ఊళ్లును వ్రాసియుంచిన చిరునామా పుస్తకము.

సంవత్సర సంచికలయందు పెద్దల చరిత్రయు, దాతల చరిత్రయు, విద్యార్థి వసతిగృహముల చరిత్రయు వ్రాయుట ఆచారముగ నున్నది. చిరునామా పుస్తకమునకును ఒక చరిత్ర కలదని గుర్తించినవారు అరుదు. చేతివ్రాత చిట్టాగా పుట్టినది నేడు కంప్యూటరులో పట్టికయై, వర్డు ప్రాసెసరు సాయమున గంటలో వేలకొలది లేబుళ్లుగా మాఱుచున్నది. ఈ మార్పు ఎట్లు వచ్చినది, దానివలన మనకు కలిగిన లాభమేమి, మనపై పడిన బాధ్యత యేమి యను విషయములను సోదరసోదరీమణులకును పోషకులకును నివేదింపఁ బూనినారము.

టపా రాకపూర్వము, వచ్చిన పిదప

కోనసీమ నీటినడుమ నున్న భూమి. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము. లోపల వైనతేయ ప్రవహించి రాజోలు ప్రాంతమును అమలాపుర ప్రాంతమునుండి వేఱుచేయుచున్నది. వంతెనలు లేని దినములలో ఒక శుభలేఖ రేవు దాటవలెనన్నను పంటుకొఱకు కాచుకొనవలసినదే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయి కాలువలు విస్తరించిన పిదప పడవ ప్రయాణము సుగమమయ్యెను. అయినను వివాహమునకుఁ గాని, కులపెద్దల కూటమికిఁ గాని కబురు చెప్పుటకు మనిషినే పంపెడివారు. ఆ మనిషికి చిరునామాతో పనిలేదు. ఇంటిపేరును, కాలువగట్టును, రావిచెట్టును చెప్పిన చాలును. తెలిసినవాఁడు తెలిసినవారియొద్దకు పోవుచుండెను.

ఆంగ్ల ప్రభుత్వపు టపా 1837లో సామాన్య ప్రజలకును తెఱవబడినను, దూరమునుబట్టి సుంకము పెరుగుచుండెను. 1854 అక్టోబరు 1వ తేదీనుండి దూరముతో నిమిత్తము లేక బరువునుబట్టియే సుంకము నిర్ణయింపబడి, తేలికజాబు అర్ధణా బిళ్లతో దేశమంతటను పోఁ జొచ్చెను. 1879లో అణాలో నాల్గవవంతు వెలకు పోస్టుకార్డు వచ్చెను. పేదవాఁడు సైతము దూరదేశమునకు జాబు వ్రాయఁగలిగినది అప్పటినుండియే. సంఘములు జిల్లాదాటి సభలు చేయఁగలుగుటకు ఈ చౌక టపాయును ఒక కారణము.

టపావలన ఒక క్రొత్త అవసరము కలిగెను. జాబును మోసికొనిపోవువాఁడు మనలనెఱుగఁడు. కావున ఎఱుగనివాఁడు సైతము ఇల్లు కనుగొనునట్లు వ్రాయవలెను. ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు, గ్రామము, పోస్టాఫీసు, తాలూకా, జిల్లా అను వరుస అట్లు స్థిరపడినది. పోస్టాఫీసు లేని గ్రామమైనచో ‘వయా’ అని సమీపపు ఊరిపేరు చేర్చుట అలవాటయ్యెను. నేటి కంప్యూటరు పట్టికలో నిలువుగా కనబడు అఱలన్నియు ఈ పాత వరుసనుండి పుట్టినవే.

పైవిలాసమున మర్యాద

పూర్వులు పైవిలాసము వ్రాయుటలో మర్యాదను మిక్కిలి పాటించెడివారు. మదరాసు రాజధానిలో గౌరవనీయులకు మ.రా.రా.శ్రీ అని మొదలిడి, గారు అని ముగించెడివారు. బ్రాహ్మణ పండితులకు బ్రహ్మశ్రీ, కన్యలకు చి.ల.సౌ., విధవలకు గం.భా.స. అని వేఱువేఱు సంకేతము లుండెను. ఈ మర్యాద యందఱకు సమానముగ లభించెనా యని విచారించినచో, లేదనియే చెప్పవలసియున్నది. ఎవరికి ‘గారు’ చేర్చవలెను, ఎవరికి చేర్చనక్కఱలేదు అను నిర్ణయమంతయు వ్రాయువాని చేతిలో నుండెను.

ఏ పేరుతో పిలువబడుట యనునది చిన్న విషయము కాదని మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన కూడిన సభ ‘పంచమ’ యను పేరును నిరాకరించి ‘ఆదిఆంధ్ర’ యను పేరును గ్రహించెను. 1922లో మదరాసు శాసనసభయును ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర నామములను అంగీకరించెను. ఇతరులు పెట్టిన పేరును వదలి తామెన్నుకొన్న పేరుతో పిలువబడవలెనని కోరుట ఆత్మగౌరవమునకు మొదటిమెట్టు. చిరునామా పుస్తకమున ఒక్కొక్క పేరును వ్రాయునపుడు మనము చేయుచున్నదియు ఇట్టి పనియే.

చేతివ్రాత కాలము

సంఘముల తొలినాళ్లలో పుస్తకమనఁగా గట్టిఅట్ట వేసిన చిట్టా. గ్రామమునకొక పుట; ప్రతి పుటయందును వరుససంఖ్యతో పేళ్లు. చనిపోయినవారి పేరు అడ్డగీత పాలగును. ఊరు మాఱినవారి పేరు ప్రక్కన క్రొత్త ఊరు సన్నని అక్షరములతో ఇఱికింపబడును. కొన్నియేండ్లకు పుట నిండి, గీతలు పెరిగి, చదువుట కష్టమై, మఱియొక చిట్టాలోనికి ఎత్తివ్రాయవలసి వచ్చును. ప్రతి ఎత్తివ్రాతయందును కొన్ని పేళ్లు జాఱిపోవుట సహజము.

మహాసభ సమీపించినపుడు పాఠశాల విద్యార్థులను, దస్తూరి బాగుగల యువకులను కూర్చుండఁబెట్టి పైవిలాసములు వ్రాయించెడివారు. ఒక్కొక్కటికి ఒక నిమిషము చొప్పున లెక్కించినను 2,400 విలాసములకు 40 గంటలు పట్టును. మరుసటి యేట మఱల అంతశ్రమయు మొదటినుండి. చదువరులు గమనింపవలసిన విషయమిది: ఆ 40 గంటల శ్రమలో ఏమాత్రమును మిగిలియుండునది కాదు. టపాపెట్టెలో పడినంతనే అది యంతయు తీఱిపోవును. అయితే దానియందొక గుణమును ఉండెను. వ్రాయువాఁడు ప్రతి పేరును చదివెడివాఁడు. ‘ఈయన పోయిన మాఘములో కాలము చేసినారు గదా’ యని ప్రక్కనున్నవాఁడు చెప్పఁగా జాబు ప్రక్కకు తీయబడుచుండెను.

యంత్రముల రాక

ఈ శ్రమ మన దేశమునకే పరిమితము కాదు. వ్యాపారసంస్థలు పెరిగిన పాశ్చాత్య దేశములలో దీనికి ఉపాయములు వెదకిరి. 1881లో లండనులో గెస్టెట్నరు అనునాతఁడు మైనపుకాగితముపై వ్రాసి అనేక ప్రతులు తీయు పద్ధతిని ప్రవేశపెట్టెను. మనవారు సైక్లోస్టైలు అని వాడుకొన్నది ఈ జాతి యంత్రమునే. దీనితో జాబు సారాంశము ఒకేమాఱు వేలప్రతులు తీయవచ్చును గాని, పైవిలాసము ప్రతిదానికి వేఱు గనుక చేతివ్రాత తప్పలేదు.

అమెరికాలో అయోవా రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ డంకన్ అనునతఁడు 1896లో అడ్రెసోగ్రాఫు అను యంత్రమునకు పేటెంటు పొందెను. తరువాతి కాలమున ఒక్కొక్క చిరునామాను ఒక్కొక్క లోహపు పలకపై ఉబ్బెత్తుగా అచ్చొత్తి, ఆ పలకలను వరుసగ యంత్రమున నడిపి కవరులపై ముద్రించెడివారు. ఇందలి మూలసూత్రము గొప్పది: చిరునామాను ఒకమాఱు చేసి యుంచుకొని అనేకమాఱులు వాడుకొనుట. 1935లో లాస్ ఏంజలెస్ నగరమున స్టాంటన్ ఏవరీ తనంత తానే అంటుకొను లేబులును తయారుచేసెను. ఈ రెండింటి కలయికయే నేటి మన పని.

కంప్యూటరులు గృహములకును చిన్న కార్యాలయములకును వచ్చిన తరుణమున, 1978లో వర్డ్‌స్టార్ అను వర్డు ప్రాసెసరు వెలువడెను. దానికి అనుబంధముగ వచ్చిన మెయిల్ మెర్జ్ అను భాగముపేరే క్రమముగ ఆ పని యంతటికిని పేరయ్యెను. మెయిల్ అనఁగా టపా, మెర్జ్ అనఁగా కలియుట. పేళ్లపట్టిక యొకచోటను, జాబు నమూనా మఱియొకచోటను ఉండఁగా రెండింటిని కలిపి ప్రతి పేరుకును ఒక్కొక్క ప్రతిని తీయుటయే దీని యర్థము. 1980 తరువాతి దశకమున డీబేస్ వంటి పట్టికల సాధనములును, పిదప వర్డు, ఎక్సెల్, ఉచితముగ లభించు లిబ్రె ఆఫీసును ఈ పనిని సామాన్యుల చేతికి తెచ్చినవి.

పని జరుగు విధము

ఈ విద్య యెఱుగని పెద్దలకొఱకు సంగ్రహముగ చెప్పెదము. మొదట పట్టిక. దాని మొదటి అడ్డువరుస శీర్షికలది: ఇంటిపేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటిసంఖ్య, గ్రామము, మండలము, జిల్లా, పిన్ సంఖ్య. అటుపై ప్రతి అడ్డువరుసయు ఒక్కొక్క సభ్యునిది. ఒక అఱలో ఒక విషయమే యుండవలెను. గ్రామము, మండలము, పిన్ అన్నియు ఒకే అఱలో కుక్కినచో పిదప గ్రామవారీగ ఏర్చుట అసాధ్యము.

తరువాత నమూనా. ఏ4 పరిమాణపు లేబులు కాగితమునందు నిలువున మూఁడు, అడ్డమున ఎనిమిది వరుసలుగ 24 లేబుళ్లుండు రకము సామాన్యము. అందు మొదటి లేబులులో పేరు రావలసినచోట పేరుగుర్తును, గ్రామము రావలసినచోట గ్రామపు గుర్తును ఉంచి, దానినే తక్కిన లేబుళ్లకు వ్యాపింపఁజేయుదురు. రెండవ లేబులునుండి ప్రతిదాని మొదటను ‘తరువాతి సభ్యుని గ్రహింపుము’ అను ఆజ్ఞ యుండవలెను. అది లేనిచో కాగితమంతయు ఒక్కరి పేరుతోనే నిండును. పిమ్మట కలుపుమని ఆజ్ఞాపింపఁగనే 2,400 చిరునామాలు 100 కాగితములపై అమరును. మొదట మామూలు తెల్లకాగితముపై ముద్రించి, లేబులు కాగితముతో కలిపి వెలుతురుకు పట్టి చూచినచో అక్షరములు గీతలు దాటుచున్నవో లేదో తెలియును. వెలగల కాగితము వ్యర్థము కాదు.

పిన్ వరుసన పట్టికను సర్ది ముద్రించినచో ఒక్కొక్క పోస్టాఫీసునకు చెందినవి ఒక్కచోట వచ్చును. కట్టలు కట్టుట సుళువు. టపావారికిని శ్రమ తగ్గును.

ఇందు మాకు మిక్కిలి నచ్చిన విషయ మొకటి కలదు. ‘గారు’ అను మాటను పట్టికలో ఒక్కొక్కరికి వేఱుగ వ్రాయక, నమూనాలోనే ఒకమాఱు వ్రాసినచో, అది ధనికునకును, కూలివానికిని, స్త్రీకిని, పురుషునకును తారతమ్యము లేక అందఱి పేరు చివరను పడును. పూర్వము వ్రాయువాని ఇష్టానిష్టములకు లోబడియున్న మర్యాద ఇప్పుడు అందఱకు ఒక్కటే యగును. పెద్దలు దీనిని సంఘనియమముగ స్వీకరింపవలెనని మా మనవి.

ఊళ్లు కదలలేదు, విలాసములు మాఱినవి

కోనసీమయందు ఒకేయింట తరతరములుగ నివసించిన కుటుంబము విలాసము ఎన్నిమాఱులు మాఱెనో చూచిన ఆశ్చర్యము కలుగును. 1859లో గోదావరి జిల్లా యేర్పడెను. 1925లో పశ్చిమగోదావరి వేఱుపడఁగా మనది తూర్పుగోదావరి యయ్యెను. 1953 అక్టోబరు 1న మదరాసు రాష్ట్రమునుండి ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. అమలాపురము తాలూకా, రాజోలు తాలూకా, కొత్తపేట తాలూకా అని వ్రాసిన పాత చిట్టాలు అంతటితో పాతబడెను. 2022 ఏప్రిలు 4న అమలాపురము కేంద్రముగ క్రొత్త జిల్లా యేర్పడి, ఆ సంవత్సరముననే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా యను నామము పొందెను. పొరుగున రాజమండ్రి 2015లో రాజమహేంద్రవర మయ్యెను.

ఈ మార్పులనడుమ స్థిరముగ నిలిచినది పిన్ సంఖ్య. దీనిని 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిరి. రూపకర్త శ్రీరామ భికాజీ వేలణకరుగారు కేంద్ర ప్రభుత్వమున ఉన్నతోద్యోగి, సంస్కృత కవియును. ఒకే పేరుగల గ్రామములు అనేకము లుండుటయు, భాషకొక లిపి యుండుటయు టపావారికి చిక్కుగా నుండఁగా, ఆఱంకెలతో అందఱకు తెలియు గుర్తును వీరు కల్పించిరి. మొదటి అంకె మండలమును, మొదటి మూఁడు కలిసి జాబులు వేఱుచేయు ప్రాంతమును, చివరి మూఁడు బట్వాడాచేయు పోస్టాఫీసును తెలుపును. అమలాపురము 533201, కొత్తపేట 533223, రాజోలు 533242. మన పొరుగుననే యున్న యానాము పుదుచ్చేరి పాలనకు చెందినదైనను దాని పిన్ 533464. పాలన సరిహద్దును టపా సరిహద్దును ఒక్కటి కావని ఇందువలన తెలియును. పట్టికలో 533 చూచి జిల్లాపేరు తనంత తానే నింపునట్లు చేసినచో యానాము సోదరులకు వేఱు రాష్ట్రపు విలాసము పడును.

పాత చిట్టాలో జిల్లా పేరు మాఱినచో ప్రతి పుటను దిద్దవలెను. పట్టికలో ఒక్క ఆజ్ఞతో వేలపేళ్లకు మాఱును. ఈ సౌకర్యమే ప్రమాదమును కూడ. 2022కు పూర్వపు తూర్పుగోదావరి పలు జిల్లాలకు పంచబడినది. మండలము చూడక అందఱకు కోనసీమ జిల్లా యని మార్చినచో కాకినాడ, రాజమహేంద్రవరము వైపు సభ్యులకు తప్పువిలాసము పడును. చేతివ్రాతలో పొరపాటు ఒక్కరికే చెందును. యంత్రములో అది ఒక్కసారిగ అందఱకును చెందును.

తెలుగు పేళ్ల చిక్కులు

ఈ సాధనములు పరదేశమున పుట్టినవి గనుక అక్కడి పేళ్లతీరే వానికి తెలియును. మొదటిపేరు, చివరిపేరు అని రెండఱలు చూపి నింపుమనును. మనకు ఇంటిపేరు మొదట వచ్చును. ఒకరు ఇంటిపేరును మొదటి అఱలోను, వేఱొకరు చివరి అఱలోను వ్రాసినచో ఒకే కుటుంబమువారు పట్టికలో చెదరిపోవుదురు. ‘ఇంటిపేరు’, ‘పేరు’ అని తెలుగున శీర్షికలు పెట్టుటయే దీనికి మందు.

అంతకన్న పెద్దచిక్కు మఱొకటి. తాతపేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. అన్నదమ్ముల పిల్లలిద్దఱికిని ఒకే తాతపేరు వచ్చుటయు కలదు. ఇంటిపేరు ఒక్కటి, పేరు ఒక్కటి, గ్రామము ఒక్కటి. ఊరిలో పెద, చిన యని పిలిచి గుర్తింతురు. కంప్యూటరు మాత్రము ఇద్దఱను ఒక్కరనుకొని, రెండుమాఱులు వచ్చిన పేళ్లను తొలగింపుమనఁగనే ఒకరిని తీసివేయును. ఆతఁడు జీవించియే యున్నను సంఘమున లేనివాఁడగును. అందుచే తండ్రిపేరు అఱను ఎన్నఁడును ఖాళీగ విడువరాదు. పెద, చిన యను మాటలను సైతము పట్టికలో ఉంచవలెను.

విదేశముల సోదరుల విషయమున వేఱుచిక్కులు. ఒకప్పుడు మన తీరమునుండి బర్మాకు అనేకులు పోయిరి. 1942లో జపాను సేనలు రంగూనును ఆక్రమింపఁగా ప్రాణములతో తిరిగివచ్చినవారి విలాసములు చిట్టాలలో వ్యర్థమయ్యెను. నేఁడు గల్ఫుదేశములలో పనిచేయువారికి పెక్కింట పోస్టుబాక్సు సంఖ్యయే విలాసము. వీధిపేరు వ్రాసి ప్రయోజనము లేదు. అమెరికాలో తెలుగువారు విశేషముగనున్న న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణపు టపాసంఖ్య 08817. పట్టికలో దీనిని అంకెగా భావించినచో ముందున్న సున్న మాయమై 8817 అగును. ఆ అఱను అంకెగాఁ గాక అక్షరముగ నిర్దేశించినచో సున్న నిలుచును.

లిపి విషయము

చాలకాలము ఈ లేబుళ్లు ఇంగ్లీషులోనే పోయినవి. ముద్రణాలయములలో తెలుగునకు ‘అను’ వంటి ఫాంటులను వాడెడివారు. అవి తెరపై తెలుగుగనే కనబడును. మఱియొక కంప్యూటరునకు పోయినపుడు ఆ ఫాంటు లేనిచో అర్థములేని గుర్తులుగ మాఱును. ప్రతి తెలుగక్షరమునకు ప్రపంచమంతటను ఒకే సంఖ్య నిర్ణయించిన యూనికోడు 1991లో వెలువడినప్పుడే అందు తెలుగునకు స్థానము లభించెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ యను పేరుగల తెలుగు ఫాంటు కంప్యూటరులలో చేరెను. మన నదిపేరుగల అక్షరములతో మన ఊళ్లపేళ్లు ముద్రించుకొనుటకు ఇఁక అడ్డు లేదు. పాత ఫాంటులలో చేసిన పట్టికలు గలవారు వానిని యూనికోడులోనికి మార్చి, పేరువెంట పేరు సరిచూచి భద్రపఱచుకొనవలెను. లేనిచో చెదపట్టిన చిట్టాకన్న అవి మేలు కావు.

పుస్తకములో లేనివారు

ఇంతవఱకు వ్రాసినది పనిని గూర్చి. ఇఁక అసలు విషయమునకు వచ్చెదము. యంత్రము పట్టికలో నున్నవారినే పిలుచును. లేనివారిని గూర్చి అది ఏమియు చెప్పదు. చేతితో వ్రాయునాడు ప్రక్కనున్నవారు ‘ఫలానావారి పేరు రాలేదే’ యని అడిగెడివారు. ఇప్పుడు 100 కాగితములు నిశ్శబ్దముగ వెలువడును, అడుగువారు లేరు.

లేనివా రెవరు? మొదట స్త్రీలు. కుటుంబమునకు ఒక పేరు చొప్పున వ్రాయు ఆచారమువలన గృహయజమానుని పేరే పుస్తకమున నుండును. ఆయన గతించినచో కుమారుని పేరు చేరువఱకు ఆ ఇల్లే పట్టికలో నుండదు. లేదా గతించినవారి పేరనే జాబు పోయి, ఆ ఇల్లాలి దుఃఖమును రేపును. వివాహమై పోయిన ఆడపడుచులు పుట్టింటి పుటనుండి తొలఁగి, అత్తింటి పుటలో తమపేరున చేరరు. రెండవది, సొంత ఇల్లు లేనివారు: కొబ్బరితోటలలో పాకలు వేసికొని కాపలాయుండువారు, ఇటుకబట్టీలకును చేపలచెఱువులకును పనికొఱకు ఊళ్లు తిరుగువారు. మూఁడవది, చందా బాకీపడినవారు. చందా లేదని పేరు తీసివేసినచో, సంఘసహాయము ఎవరికి ముఖ్యముగ కావలెనో వారే మొదట తొలఁగుదురు.

ఇది మాటలకు చెప్పుచున్నది కాదు. 1996 నవంబరు 6న తుపాను కోనసీమపై విరుచుకుపడి పలువుర ప్రాణములు బలిగొని, కొబ్బరితోటలను నేలఁగూల్చినది. ‘ఫలానా తోటలోని ఇల్లు’ అను విలాసము తోటతోపాటే పోయినది. అట్టి ఆపదలో ఎవరికి ఏమి చేరవలెనో నిర్ణయించుటకు ఏ సంఘమునకైనను పేళ్లపట్టికయే దారి. విద్యార్థివేతనముల ప్రకటనయు, వసతిగృహ ప్రవేశపు ప్రకటనయు ఆ పట్టిక వెంటనే పోవును. పేరులేని ఇంటి పిల్లవానికి గడువు దాటిన తరువాతనే సంగతి తెలియును.

తోటలలోని ఇండ్లకు క్రొత్త సౌకర్య మొకటి వచ్చినది. 2025 మేలో తపాలాశాఖవారు హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రోల సహకారముతో డిజిపిన్ అను పద్ధతిని ప్రకటించిరి. దేశమంతటిని సుమారు నాలుగు మీటర్ల చదరములుగ విభజించి ఒక్కొక్క చదరమునకు పది గుర్తుల సంకేత మొసఁగిరి. ఇంటిసంఖ్య లేని పాకకును దీనివలన గుర్తు లభించును. పట్టికలో దీనికొఱకు ఒక అఱ చేర్చుట దూరదృష్టి యగును.

ఆహ్వానములు సెల్‌ఫోనులోనే పంపవచ్చును గదా, లేబుళ్లెందులకని యువకు లడుగుదురు. పంపవలసినదే. కాని ఫోను సంఖ్యలును ఒక పట్టికలోనివే. అందు లేనివారు ఇందును ఉండరు. అదియును గాక సంచికవంటి గ్రంథము ఇంటికి చేరవలెనన్న టపాయే గతి. 2025లో రిజిష్టరు టపా స్పీడుపోస్టులో కలిసినది గనుక తప్పువిలాసమున తిరిగివచ్చు ప్రతి కట్టయు సంఘమునకు వెనుకటికన్న నష్టము. తిరిగివచ్చిన కవరును పాఱవేయక, దానిపై టపావారు వ్రాసిన కారణమును పట్టికలో నమోదు చేయుట మంచి యలవాటు.

పుస్తకమును కాపాడుట

కులమువారీ పేళ్లపట్టిక సామాన్య వస్తువు కాదు. 1931 జనాభాలెక్కల తరువాత దశాబ్దములతరబడి దేశమున సర్వకులముల లెక్కయు ప్రచురింపబడలేదు. అట్టి స్థితిలో సంఘముల పట్టికలను ఎన్నికలలో నిలుచువారును, వ్యాపారులును కోరుట వింతకాదు. పూర్వము చిట్టా బీరువాలో నుండెను; దొంగిలించువానికి మోయుటయే కష్టము. ఇప్పుడది వ్రేలెడు సాధనములో ఇమిడి క్షణములో పదిచోట్లకు పోఁగలదు. సభ్యులు తమ ఊరును, ఫోనును మనకిచ్చినది మహాసభకు పిలుచుటకేగాని అంగడివారికి అమ్ముటకుఁ గాదు. వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు ప్రత్యేకచట్టము చేసినది. సమ్మతి పొంది, చెప్పిన పనికే వాడి, కోరినవారి వివరములను దిద్దుటయో తొలగించుటయో చేయవలెనని దాని సారాంశము. చట్టము చెప్పకపోయినను పెద్దరికము గల సంఘమునకు ఇది ధర్మమే.

విజ్ఞప్తి

కావున మహాసభవారు ఈ క్రింది విషయములను ఆలోచింపఁ గోరుచున్నారము. గ్రామమునకొక యువకుని, ఒక యువతిని నియమించి, సంవత్సరమున కొకమాఱు ఆ గ్రామపు పుటను ముద్రించి యిచ్చి, ఇల్లిల్లు తిరిగి సరిచూపింపవలెను. భార్యాభర్తల పేళ్లు రెండును వేఱువేఱు వరుసలలో నుండవలెను. చందా బాకీని వేఱు అఱలో గుర్తింపవలెనే గాని పేరు తీయరాదు. గతించినవారి పేరు తుడిచివేయక, గతించిన సంవత్సరము వ్రాసి వేఱుగ నిలుపవలెను. అది మన వంశచరిత్రకు ఆధారమగును. పట్టిక ప్రతులు రెండుచోట్ల భద్రముగ నుంచి, ఎవరియొద్ద నున్నవో కార్యవర్గపు పుస్తకమున వ్రాయవలెను. ముద్రించిన లేబుళ్లను అంటించుటకు ముందు ఆయా గ్రామపు పెద్దలచేత ఒకమాఱు చదివింపవలెను. పూర్వపు చేతివ్రాతలో నుండిన ఒక్క సుగుణము, అనఁగా ప్రతి పేరును ఒక మనిషి చదువుట, ఈ విధముగ నిలుచును.

పోషకులు కంప్యూటరులను, ముద్రణయంత్రములను దయతో నొసఁగుచున్నారు, వారికి కృతజ్ఞులము. అంతకన్న వెలగలది, కాని వెలలేనిది, ఒక గంట కాలము. తమ తమ గ్రామపు పుటను చదివి, ఎవరు లేరో చెప్పుటకు ప్రతియొకరును ఒక గంట యొసఁగినచో వచ్చు మహాసభకు పిలుపు అందనివా రుండరు. ఆ శుభదినము త్వరలోనే వచ్చుఁగాక యని ప్రార్థించుచు విరమించుచున్నారము.